ఫోను పక్కన పెట్టి ఒక ఆటవెలది రాయండి

తణుకులో నాకు చిన్న మందుల షాపు ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా కౌంటర్ దగ్గరికి ఈగ కూడా రాదు. ఆ టైమంతా ఫోను మింగేసేది. ఒకరోజు అది ఎన్ని గంటలు చూశానో లెక్క చూపించింది: 4 గంటల 10 నిమిషాలు. సరే, ఏం చూశానని గుర్తు చేసుకుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. ఎవరో ఏనుగుకి స్నానం చేయించారు, అంతే.

అదే వారంలో మా తోడల్లుడి షష్టిపూర్తి. కుటుంబం గ్రూపులో ఒకే గులాబీ బొమ్మ, ఒకే శుభాకాంక్షలు. నేనూ అదే పంపాను. ఆయన వరసగా అందరికీ ఒకే దణ్ణం బొమ్మ పెట్టాడు. పుచ్చుకున్నవాడికీ ఏం దక్కలేదు, ఇచ్చినవాడికీ ఏం ఖర్చు కాలేదు. అప్పుడు అనిపించింది, నాలుగు పాదాల పద్యం నేనే రాస్తే ఏం పోతుందని. పదో తరగతిలో ఛందస్సు చదివిన మొహమే కదా! మా అమ్మాయి పాత తెలుగు పుస్తకం అటక మీద నుంచి దించాను. మూడు వారాలకి ఒక పద్యం నిలబడింది. ఎలా నిలబడిందో చెబుతాను, మీరూ రాయండి. కావలసినవి బిల్లు పుస్తకం వెనక పేజీ, పెన్సిలు. రబ్బరు తప్పనిసరి.

ముందు గురువు, లఘువు. చిటిక వేసేంత సేపట్లో పలికేది లఘువు. అంతకంటే సాగేది గురువు. దీర్ఘం ఉంటే గురువు. పక్కన సున్నా ఉంటే గురువు. తర్వాత వత్తక్షరం వస్తే, దాని ముందున్న అక్షరం గురువు. 'మందు'లో 'మం' గురువు, 'దు' లఘువు. 'దగ్గు'లో 'ద' గురువు, ఎందుకంటే వెనకే 'గ్గు' ఉంది. నేను మొదట్లో పడ్డ గుంట ఒకటుంది: 'జ్వరము'లో 'జ్వ' గురువనుకున్నాను. కాదు. వత్తు తన ముందున్న అక్షరాన్ని బరువెక్కిస్తుంది కానీ తనని తాను కాదు. 'జ్వరము' మూడు లఘువులు. రెండు రోజులు బోర్డులు చదువుతూ గురువులఘువులు వేయండి. బస్సులో పక్కవాళ్ళు మీ వేళ్ళ వైపు అనుమానంగా చూస్తారు, పట్టించుకోకండి.

తర్వాత గణాలు, అంటే గురువులఘువుల చిన్న గుంపులు. నేను రాసిన పద్యం ఆటవెలది, దానికి రెండు రకాలు చాలు. సూర్యగణాలు రెండే: మూడు లఘువులు (న గణం), లేదా గురువు, లఘువు (హ గణం). మా షాపు నిండా ఇవే. దూది, మాత్ర, బిళ్ళ, దగ్గు, నొప్పి అన్నీ హ గణాలే. షుగరు న గణం. బీపీ మాత్రం ఎందులోనూ ఇమడదు, రెండూ గురువులే.

ఇంద్రగణాలు ఆరు. నాలుగు లఘువులైతే నలం: జలుబులు. మూడు లఘువులు, గురువు అయితే నగం: జలుబుతో. గురువు, రెండు లఘువులు భ గణం: మాత్రలు. గురువు, లఘువు, గురువు ర గణం: దగ్గుతో. మిగిలిన రెండూ షాపులో దొరకలేదు, ఇంటి దగ్గర దొరికాయి. పెసరట్టు సలం (రెండు లఘువులు, గురువు, లఘువు). గోంగూర త గణం (రెండు గురువులు, లఘువు). మీరు మీ పనిలో మాటలతోనే ఈ ఆరింటికీ ఉదాహరణలు వెతుక్కోండి. పుస్తకంలో ఉదాహరణలు బట్టీపడితే పరీక్ష అయ్యాక పోయినట్టే పోతాయి.

ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, ఆ వెనక రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు ఐదూ సూర్యగణాలే. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావడం) నియమం లేదు, అందుకే కొత్తవాళ్ళకి ఇది నయం. చిన్నప్పుడు నోటికొచ్చిన వేమన పద్యాలు ఎక్కువగా ఈ నడకలోనివే. ఆ మకుటాన్ని ఒకసారి మెల్లగా విడగొట్టి అనండి, ఐదు సూర్యగణాలు చేతిలో పడతాయి. కంద పద్యం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. నేను వెళ్ళి వారం పాడు చేసుకున్నాను.

విషయం దగ్గర చాలామంది ఆగిపోతారు. నేనూ ఆగాను. 'ప్రకృతి', 'మాతృమూర్తి' అంటూ నాలుగు రోజులు తిరిగి ఎక్కడికీ చేరలేదు. అవన్నీ నేను ఫార్వర్డుల్లో చదివినవే, నాలోంచి మళ్ళీ బయటికొస్తున్నాయి. ఐదో రోజు పొద్దున పాలు మాడాయి. పొయ్యి పక్కనే ఉన్నాను, చేతిలో ఫోను ఉంది. మా ఆవిడ గట్టిగానే అంది. ఆ మధ్యాహ్నం కౌంటర్ దగ్గర కూర్చుని మొదటి పాదం రాశాను. నిన్నో మొన్నో మీకు జరిగిన ఏదో ఒక తెలివితక్కువ పని తీసుకోండి. గణాలు కుదరకపోయినా కథ కుదురుతుంది.

మాట్లాడే మాటని గణంలోకి వంచడం ఒక పని. 'ఫోను చూశాను' అని రాయబోయాను. 'ఫోను' బాగానే ఉంది, 'చూశాను' రెండు గురువులు, ఒక లఘువు. రెండో పాదంలో దానికి చోటు లేదు. 'చూచినాను' అంటే 'చూచి', 'నాను' అని రెండు హ గణాలుగా విడిపోతుంది. మాట మధ్యలో గణం తెగినా తప్పు లేదు. కాస్త పాతవాసన వస్తుంది, రానీయండి. పద్యంలో అది చెల్లుతుంది.

ఇక యతి. నన్ను ఎక్కువ ఏడిపించిందీ ఇదే, ఎక్కువ ఇచ్చిందీ ఇదే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం చుట్టం కావాలి. హల్లులూ కలవాలి, అచ్చులూ కలవాలి. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ, ఋ ఒక జట్టు. ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. హల్లుల్లో క, ఖ, గ, ఘ ఒకదానికొకటి సరిపోతాయి. ప, ఫ, బ, భ కూడా అంతే. చ, జ అక్షరాలతో శ, ష, స కలుస్తాయి. ఇంకా చాలా ఉన్నాయి, మొదటి పద్యానికి ఇవి చాలు. అసలు కుదరకపోతే ఆటవెలదిలో ప్రాసయతి అనే వెసులుబాటు ఉంది. దానికి మొదటి గణంలోని రెండో అక్షరం నాలుగో గణంలోని రెండో అక్షరంతో కలవాలి, వాటి ముందు అక్షరాలు రెండూ గురువులో, రెండూ లఘువులో కావాలి.

నా మూడో పాదం మొదట ఇలా ఉండేది: 'పాలు మాడిపోయె గిన్నె నల్లబడెను'. గణాలు సరిపోయాయి, కావాలంటే లెక్కపెట్టండి. 'గిన్నెన' ర గణం, 'ల్లబడెను' నలం. కానీ 'పా'కి 'గి' చుట్టం కాదు. 'గిన్నె'ని మొదటికి తెచ్చాను. ఇప్పుడు నాలుగో గణానికి గి, గీ, గె, గే, కి, కీ, కె, కే... వీటిలో ఒకదానితో మొదలయ్యే మాట కావాలి. రెండు రోజులు ఆ అక్షరాలే నమిలాను. దగ్గుమందు ఇస్తూ కూడా అదే. 'గీకుచు' అనుకున్నాను, నచ్చలేదు. మూడో రోజు షట్టర్ వేస్తుంటే 'కేకలే' తట్టింది. యతి లేకపోతే ఆ మాట నాకు వచ్చేది కాదు, నల్ల గిన్నెతోనే సరిపెట్టుకునేవాణ్ణి. ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే ఒంట్లో ఏదో తేలిగ్గా ఉంది. నాలుగు గంటల వీడియోలు ఎప్పుడూ అలా ఇంటికి పంపలేదు నన్ను.

పూర్తయ్యాక ఇలా వచ్చింది:

పాలు పొంగుచుండ పక్కనే కూర్చుండి
ఫోను చూచినాను పొద్దుపోక
గిన్నె మాడిపోయె కేకలే మిగిలెను
కాఫి లేదు నేడు కాంత యలిగె

గొప్ప పద్యమేమీ కాదు. నాలుగు యతులూ అక్షరయతులే, ప్రాసయతి వెసులుబాటు వాడుకోలేదు అని మాత్రం గర్వంగా చెబుతాను.

గణాలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చివర్లో సరిచూసుకోవడానికి వాడండి, రాసేటప్పుడు వద్దు. ఫోను చేతిలోకి తీసుకున్నాక ఏనుగు స్నానం ఎంత దూరమో మీకు తెలుసు.

ఇంకో జాగ్రత్త. నేను మురిసిపోయి పద్యాన్ని గ్రూపులో పెట్టాను. పెట్టి, ఎవరు చూశారా అని పది నిమిషాలకోసారి తీసి చూశాను. ముగ్గురు దణ్ణం బొమ్మ పెట్టారు. ఆ సాయంత్రం ఫోను లెక్క మళ్ళీ మూడు గంటలు దాటింది. రాసింది రాసినంతసేపు నాది, గ్రూపులో పడ్డాక నేను మళ్ళీ ఎదురుచూసేవాణ్ణే అయ్యాను. కాబట్టి మొదటి పద్యం ఒక్కరికి చూపించండి. పద్యంలో ఎవరున్నారో వాళ్ళకైతే మరీ మంచిది. తర్వాత పద్యాలకి తేటగీతి పట్టండి: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, యతి నాలుగో గణానికే. తోడల్లుడికి బాకీ ఉన్నది అందులోనే రాస్తున్నాను, రెండు పాదాలు అయ్యాయి.

పాలు మాడిన పద్యం మా ఆవిడకి కాగితం మీద రాసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"నేనెక్కడ అలిగానండీ? తిట్టాను కదా!" అంది.

వేళ్ళ మీద లెక్క వేశాను. 'యలిగె' మూడు లఘువులు. 'తిట్టె' గురువు, లఘువు. రెండూ సూర్యగణాలే. యతి స్థానం 'కాంత' దగ్గరే ఉంది, దానికేం ఢోకా లేదు. రబ్బరు తీసి చెరిపి 'కాంత తిట్టె' అని రాశాను.