ఇల్లు వెంటబెట్టుకుని పిరనీస్ చుట్టి రావడం ఎలా

ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న పిరనీస్ కొండల చుట్టూ తిరగడానికి మోటర్‌హోమ్, అంటే మంచాలూ వంటిల్లూ టాయిలెట్ ఉన్న బండి, అద్దెకు తీసుకోవాలనుకునేవాళ్లు ముందు మ్యాపు తెరుస్తారు. నన్నడిగితే ముందు టాయిలెట్ క్యాసెట్, అంటే మలమూత్రాలు చేరే, బయటికి తీసి ఖాళీ చేసే డబ్బా, ఎన్ని లీటర్లో అడగండి.

మా అమ్మా నేనూ సెప్టెంబరులో 12 రోజులు తిరిగాం. దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో బండి తీసుకుని, జెర్స్ జిల్లా పల్లెల మీదుగా ఒలొరాన్ ఊరు చేరి, సోంపోర్ట్ సొరంగం దాటి స్పెయిన్‌లోని అరగోన్‌లో దిగాం. బియెల్సా సొరంగం గుండా మళ్లీ ఫ్రాన్స్‌కి వచ్చాం. బండి నేనే నడిపాను. మా ఇద్దరికీ క్యాసెట్ రెండున్నర రోజుల్లో నిండేది. కాబట్టి రెండు రోజులకోసారి సాయంత్రానికల్లా క్యాసెట్ ఖాళీ చేసి, వాడిన నీళ్లు వదిలి, మంచినీళ్లు పట్టుకునే చోటికి చేరాలి. ఈ ఒక్క లెక్క కుదిరితే మిగతా రాత్రులు ఎక్కడైనా హాయిగా గడుస్తాయి.

బండి ఎంచుకునేటప్పుడు 3,500 కిలోలు దాటనిదే తీసుకోండి. అది ఖాళీ బండి బరువు కాదు, మనుషులు, సామాను, నీళ్లు అన్నీ కలిపి. వంద లీటర్ల ట్యాంకు నింపితే వంద కిలోలు అక్కడే పోతాయి. అంతకు మించిన బండికి మామూలు కారు లైసెన్సు చాలదు, ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి పక్కలకీ వెనకా బ్లైండ్ స్పాట్ (డ్రైవరుకి కనబడని చోటు) స్టిక్కర్లు కూడా అంటించాలి. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వెంట ఉండాలి. షెంగెన్ వీసాకి ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోండి.

మంచాల సంగతి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బాగా ఆలోచించాలి. డ్రైవర్ సీటు పైన ఉండే పడకకి నిచ్చెనెక్కాలి. అర్ధరాత్రి దిగడం అరవై దాటినవాళ్లకి ప్రమాదం. వెనకభాగంలో పక్కపక్కనే రెండు మంచాలున్న బండి కోసం నేను వారం రోజులు వెతికాను. పొడవు కాస్త పెరిగింది, అయినా ఆ ఎంపికకి ఈరోజుకీ సంతోషిస్తున్నాను.

బండి ఎత్తుని కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. మాది 2.90 మీటర్లు. సూపర్‌మార్కెట్ పార్కింగుల ముందు రెండు మీటర్ల ఎత్తులో అడ్డుకర్ర ఉంటుంది, కంగారులో అంకె గుర్తుకురాదు. ఫ్రాన్స్ టోల్ రోడ్ల మీద కూడా 3 మీటర్లు దాటితే రేటు మారిపోతుంది. మేమైతే టోల్ రోడ్డు ఎక్కనేలేదు. పల్లె రోడ్ల మీద సాధారణంగా గంటకు 80 కి.మీ. పరిమితి, ఊళ్లో ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకే దారి. రోజుకు 120 కి.మీ. మించి నడపకండి. మధ్యాహ్నం మూడింటికి ఆగిపోతే ఊరు చూడ్డానికి వెలుతురు మిగులుతుంది.

రాత్రి ఆగే చోట్లు ఫ్రాన్స్‌లో కొల్లలు. చాలా పల్లెలు సొంతంగా 'ఏర్' అనే మోటర్‌హోమ్ స్థలాలు నడుపుతాయి. అక్కడి నీళ్ల యంత్రానికి రెండు నుంచి ఐదు యూరోలు, కొన్నిచోట్ల పూర్తిగా ఉచితం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఫ్రాన్స్ పాసియోన్ అనే పథకం. ఏడాది సభ్యత్వం కడితే రైతులు, ద్రాక్షతోటలవాళ్లు తమ పొలంలో ఒక రాత్రి, 24 గంటల వరకు, ఉచితంగా ఉండనిస్తారు. ఏదైనా కొని తీరాలన్న నియమం లేదు. దిగగానే వెళ్లి పలకరించాలి, పొద్దున చెప్పి బయల్దేరాలి, అంతే. లెక్తూర్ దగ్గర ఖర్బూజాల రైతు పొలంలో ఆగాం. ఆ ప్రాంతం ఖర్బూజాలకే పేరు. అమ్మ నేర్చుకున్న ఒకే ఒక్క ఫ్రెంచి మాట 'బోన్‌జూర్', అంటే నమస్కారం. అది చెప్పగానే ఆ ఇంటావిడ లోపలికెళ్లి కత్తి తెచ్చి ఓ పండు కోసి చేతిలో పెట్టింది. ఆ దేశంలో ఏ కొట్లోకి అడుగుపెట్టినా ముందు ఆ మాట అనండి, తర్వాతే అడగదలచుకున్నది అడగండి.

ఊరి నడుమ బయల్లో ఆగితే బోర్డులన్నీ చదవండి. ఒక ఊళ్లో నేను చీకట్లో చదవకుండా ఆపాను. పొద్దున ఆరింటికి కూరగాయల వ్యాన్లవాళ్లు తలుపు తట్టారు, ఆరోజు సంత. అమ్మ నిద్రబట్టల్లోనే సీటుబెల్టు పెట్టుకుంది.

సోంపోర్ట్ సొరంగం 8.6 కి.మీ., టోల్ లేదు. బయల్దేరే ముందు మాత్రం రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోండి. 2024 సెప్టెంబరులో వరదకి ఫ్రాన్స్ వైపు రోడ్డు కొట్టుకుపోయి నెలల తరబడి ఆ దారి మూతపడింది. అవతల కన్‌ఫ్రాంక్‌లో 1928 నాటి రైల్వేస్టేషన్ కొండల మధ్య రాజభవనంలా ఉంటుంది, గంటసేపైనా ఆగండి. తర్వాత రీగ్లోస్ ఎర్రరాతి శిఖరాలు. వాటి చుట్టూ రాబందులు గుండ్రంగా తిరుగుతుంటే మేము వంట కూడా మర్చిపోయి చూశాం.

స్పెయిన్‌లో ఒక తేడా బాగా గుర్తుంచుకోవాలి. బండి ఆపి లోపల పడుకుంటే అది పార్కింగే. కుర్చీ బయట వేసినా, ఎండపందిరి లాగినా, నీళ్లు కింద వదిలినా అది క్యాంపింగ్ కిందికి వస్తుంది, జరిమానా పడుతుంది. నేల మీద చక్రాలు తప్ప మరేదీ ఆనకూడదనుకోండి. ఒర్దేసా లాంటి జాతీయ పార్కుల్లో రాత్రి అసలు ఉండనివ్వరు. పల్లె కొట్లు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మూసేస్తారు, అందుకే కూరలూ రొట్టే ఉదయమే కొనేవాళ్లం. డీజిల్ పంపు మీద చదరపు గుర్తులో 'బి7' అని ఉంటుంది, రెండు దేశాల్లోనూ అదే. గుండ్రటి గుర్తు పెట్రోలుది.

క్యాంప్‌సైట్లలో కరెంటు చాలాచోట్ల 6 ఆంపియర్లే, అంటే 1,380 వాట్లు. రైస్ కుక్కర్ పెట్టినప్పుడు కెటిల్ ఆన్ చేయొద్దు.

బండి కదిలే ముందు ఒకరు చదవాలి, ఒకరు చేసి చూపాలి: గ్యాస్ కట్టేశామా, పైకప్పు కిటికీలు మూశామా, మెట్టు లోపలికి వెళ్లిందా, ఫ్రిజ్ గడియ పడిందా, కరెంటు తీగ తీశామా. అమ్మ చదివేది, నేను ఒక్కొక్కటీ తాకి చెప్పేదాన్ని.

అయిన్సా కోట ఊళ్లో రెండు రాత్రులుండి బియెల్సా మీదుగా దిగాం. ఆఖరి రాత్రికి తులూజ్ నుంచి గంటలోపు దూరంలో, నీళ్లు వదిలే సౌకర్యం ఉన్న ఏర్ చూసుకోండి. క్యాసెట్, వాడిన నీళ్ల ట్యాంకు ఖాళీగా అప్పగించకపోతే విడిగా డబ్బు పట్టుకుంటారు. తీసుకున్న రోజే పైకప్పు అంచులు, బంపర్ ఫొటోలు తీసి ఉంచుకోండి. మేము ముందురోజు సాయంత్రమే రెండూ ఖాళీ చేసి, డీజిల్ నింపి, పొద్దున తొమ్మిదిన్నరకి తాళాలిచ్చేశాం.