నిరాశ్రయులకు నగరపాలక సంస్థ తాత్కాలిక గుడారాల శిబిరం ఏర్పాటు చేసే విధానం

నిలువ నీడ లేక వంతెనల కింద, రోడ్ల పక్కన నిద్రిస్తున్నవారి కోసం శిబిరం పెట్టదలచిన నగరపాలక సంస్థ, స్థలం నిర్ణయించడానికి ముందే వారి దగ్గరకు వెళ్లి మాట్లాడాలి. ఎవరు ఎక్కడ పని చేసుకుంటున్నారో, ఎవరు ఏ ఆసుపత్రిలో మందులు తెచ్చుకుంటున్నారో కనుక్కోకుండా ఊరి చివర స్థలం చూపిస్తే, ఆ గుడారాలు ఖాళీగానే మిగులుతాయి. పల్లపు నేల ఎంచుకోకూడదు. ఎత్తైన నేలలో కూడా చెక్కతో వేదికలు కట్టి వాటి మీదే గుడారాలు వేయాలి, ఎందుకంటే చలి, తేమ ముందు కింది నుంచే ఒంటికి పాకుతాయి.

కొలతలలో ఉజ్జాయింపు పనికిరాదు. కోవిడ్ వ్యాపించిన 2020లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఒక్కో మనిషికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల చోటు ఉండాలని సూచించింది. విపత్తు శిబిరాల కోసం అంతర్జాతీయ సహాయ సంస్థలు పాటించే స్పియర్ ప్రమాణాల ప్రకారం 20 మందికి ఒక మరుగుదొడ్డి చొప్పున, నివాసానికి 50 మీటర్ల లోపు ఉండాలి. ఒక్కొక్కరికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలి. మరుగుదొడ్లు కట్టించడం కంటే వాటిని రోజూ శుభ్రంగా ఉంచడమే కష్టం కాబట్టి, ఆ పనికి మనుషులను, నిధులను శిబిరం తెరవకముందే కేటాయించాలి. తలుపులకు లోపలి గడియలు, దారి పొడవునా రాత్రంతా దీపాలు లేకపోతే, రాత్రి మరుగుదొడ్డికి వెళ్లడానికి భయపడి మహిళలు పొద్దుగూకగానే నీళ్లు తాగడం మానేస్తారు.

ఒక గుడారానికి నిప్పంటుకుంటే పక్కదానికి పాకకుండా గుడారాల మధ్య కనీసం 2 మీటర్ల ఎడం ఉంచాలి. లోపల పొయ్యి వెలిగించకూడదన్న నిబంధన, వంటకూ ఫోన్ ఛార్జింగుకూ విడిగా చోటు చూపినప్పుడే అమలవుతుంది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసినవి ప్రవేశ నియమాలు. జీవిత భాగస్వామిని విడిచి రమ్మన్నా, తోడుగా ఉన్న కుక్కను వదిలేయమన్నా, సామాను బయట పారేయమన్నా చాలామంది రారు. అది మొండితనం కాదు, వారికి మిగిలినవి ఆ మూడే. జంటలకు ఒకే గుడారం ఇవ్వాలి. ప్రతి ఒక్కరికీ తాళం వేసుకోగల పెట్టె ఇచ్చి, తాళంచెవి వారి చేతికే అందించాలి. నియమాలను వారి భాషలో రాసి ఉంచడమే కాక, చదవలేనివారికి చదివి వినిపించాలి.

శిబిరం చౌకగా నడుస్తుందని అనుకోకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి శిబిరాల్లో ఒక్కో గుడారానికి ఏడాదికి 60,000 డాలర్లకు పైగా ఖర్చవుతున్నట్టు 2021లో వెల్లడైంది. అందుకే, వారు త్వరగా ఇళ్లకు మారేలా గుర్తింపు పత్రాలు, ఇంటి కోసం దరఖాస్తు, వైద్య పరీక్షల పని చేరిన మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. మూసివేత తేదీ ప్రకటించే ముందు, ఉన్నవారిలో ప్రతి ఒక్కరి పేరు ఎదుట వారు వెళ్లబోయే చిరునామా రాసి ఉండాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ తేదీని వాయిదా వేయాలి.