గుట్ట మీదికి నడకదారి వేసేముందు
కడప చుట్టుపక్కల గుట్టలెక్కే కాలిదారులు చాలావరకు కింది నుంచి పైకి తిన్నగా పోతాయి. మనకు దగ్గరే, కానీ నీళ్లకూ అదే దగ్గర. ఇక్కడ వానలు తక్కువ, పడితే మాత్రం కుండపోత. నాలుగు వానలకే దారి కాస్తా నీళ్లు పారే వంక అయిపోతుంది.

కొత్తగా దారి వేస్తుంటే వాలుకు అడ్డంగా, మెల్లగా ఎక్కేలా తిప్పండి. పది అడుగుల నడకకు ఒక అడుగు ఎక్కితే చాలు, మోకాళ్ల నొప్పులవాళ్లూ వస్తారు. ఇంకో లెక్క కూడా ఉంది: దారి ఎక్కుడు గుట్ట వాలులో సగానికి మించకూడదు. మించితే నీళ్లు దారిని దాటిపోకుండా దారి వెంటే పరుగెడతాయి. మేస్త్రీల ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టం) ఎత్తు చూసుకుని ముగ్గుపిండితో గుర్తులు పెట్టుకోవచ్చు.

దారిని పల్లం వైపుకు కొద్దిగా వాల్చండి, 5 శాతం దాకా. మధ్యమధ్య దారే కాస్త దిగి మళ్లీ ఎక్కితే నీళ్లు అక్కడే బయటికి పోతాయి. సిమెంటు మెట్ల మోజు వద్దు, నా మాట వినండి. మలుపు దగ్గర బండో పొదో అడ్డు లేకపోతే జనం దారి వదిలి అడ్డదారిన తిన్నగా దిగడం ఖాయం.

పాలకొండలు, లంకమల వైపు చాలా గుట్టలు ఫారెస్టువే. గడ్డపార పట్టేముందు రేంజ్ ఆఫీసులో అనుమతి అడగండి.