పంపే ముందు తాళం గుర్తు చూసుకోండి

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్మిన రోజు మా బాబాయి తన బ్యాంకు ఖాతా నంబరును కమీషన్ వ్యాపారికి ఫోన్లోనే పంపుతారు. అది ఏ దారిన వెళ్తుందో ముందే చూసుకోవడం ఎలాగో ఆయనకు చూపిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ మెసేజెస్ తెరిచి, పైనున్న ప్రొఫైల్ బొమ్మను నొక్కి, సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ (ఇంటర్నెట్ మీద వెళ్లే కొత్త తరహా మెసేజ్‌లు) ఆన్ చేసి, కనెక్టెడ్ అని వచ్చేదాకా ఆగండి. తరువాత అవతలివారి చాట్ తెరిచి, టైప్ చేసే గడిలో ఆర్‌సీఎస్ అని ఉందో, టెక్స్ట్ మెసేజ్ అని ఉందో చూడండి. రెండోదైతే అది మామూలు ఎస్ఎంఎస్. దానికి తాళం ఉండదు, నెట్‌వర్క్ సంస్థ దగ్గర అది తెరిచిన ఉత్తరమే. మొదటిదైనా అంతటితో సరిపోదు. పంపే బటన్ దగ్గర తాళం బొమ్మ ఉంటేనే ఆ సందేశం మీ ఇద్దరి ఫోన్లలో తప్ప మధ్యలో ఎక్కడా తెరుచుకోదు.

అవతలివారిది ఐఫోన్ అయితే ఈ పరిశీలన మరీ అవసరం. 2024లో ఐఓఎస్ 18తో ఐఫోన్‌కు ఆర్‌సీఎస్ వచ్చినప్పుడు ఫోటోలు స్పష్టంగా వెళ్లసాగాయి గాని, ఆండ్రాయిడ్‌తో జరిగే సంభాషణకు తాళం రాలేదు. అందుకు కావలసిన ఉమ్మడి ప్రమాణాన్ని, ఎంఎల్ఎస్ అనే పద్ధతి ఆధారంగా, మొబైల్ సంస్థల అంతర్జాతీయ సంఘమైన జీఎస్ఎంఏ 2025 మార్చిలో ప్రకటించింది. ప్రమాణం వచ్చిందని విన్నంత మాత్రాన మీ ఫోన్లో ఉందనుకోకండి, గుర్తు కనబడాలి. కనబడకపోతే ఖాతా నంబరును వాట్సాప్‌లోనో సిగ్నల్ అనే యాప్‌లోనో పంపండి. వాట్సాప్‌లో బ్యాకప్‌కు విడిగా పాస్‌వర్డ్‌తో తాళం వేయాలి. సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్ కింద అది ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్ తిరిగి రాదు కనుక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

అలాగని ఎస్ఎంఎస్‌ను పక్కన పెట్టలేము. డేటా అందని చోటికీ, ఊళ్లో తాతయ్య వాడే బటన్ ఫోనుకూ చేరేది అదే. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పడతాయి. ఇంగ్లిష్ సందేశంలో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తానికి ఆ 70 లెక్కే వర్తిస్తుంది. పైగా గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి: చూడడానికి రెండక్షరాలే అయిన ‘మిర్చి’ అక్కడ ఆరు. అందుకే తాతయ్యకు బాబాయి ‘తేజ’ అని మిర్చి రకం పేరు రాసి, పక్కన క్వింటా ధర మాత్రమే వేస్తారు.