హోటల్‌కి ఫోన్ చేస్తే అడగాల్సింది "వీల్‌చెయిర్ వస్తుందా" అని కాదు

బెంగళూరులో ఏ హోటల్‌కైనా ఫోన్ చేసి "వీల్‌చెయిర్ వస్తుందాండి" అని అడగండి, "వస్తుంది మేడమ్, రండి రండి" అనే అంటారు. తీరా వెళ్తే వాకిట్లోనే మూడు మెట్లు, ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి "మేం ఎత్తుతాం మేడమ్" అంటారు. వాళ్ళ మనసు మంచిదే, కాదనట్లేదు. కానీ మా అక్క వెన్నుకి దెబ్బ తగిలి ఆరేళ్ళుగా వీల్‌చెయిర్‌లో ఉంది, అందరూ చూస్తుండగా ముక్కూమొహం తెలీని వాళ్ళు అలా ఎత్తితే ఆ తర్వాత ఎంత మంచి గోంగూర మటన్ పెట్టినా తనకి గొంతు దిగదు. ఒకసారైతే ఒకబ్బాయి ఫుట్‌రెస్ట్ పట్టుకుని ఎత్తాడు, అది ఊడి చేతికొచ్చింది, అక్క ముందుకి తూలిపోయింది, మా ఆయన పట్టుకోబట్టి సరిపోయింది. ఇంటికొచ్చాక అక్క ఒక్క మాట అంది, "ఎత్తేవాళ్ళున్నారా అని అడక్కు, నేనే లోపలికి పోగలనా అని అడుగు". అప్పట్నుంచి మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల వెళ్ళిన ప్రతి చోటునీ ఈ ఒక్క ప్రశ్నతోనే చూస్తున్నాం. ఎలా చూడాలో, చూసింది ఎలా రాయాలో చెప్తా.

ముందు మీ వీల్‌చెయిర్ కొలవండి. సీటు కాదు, అన్నిటికంటే వెడల్పున్న చోట, అంటే చేత్తో తిప్పే రింగు నుంచి అటు రింగు దాకా. అక్కది 64 సెంటీమీటర్లు, దానికి వేళ్ళు నలగకుండా ఇంకో పది కలుపుకోవాలి. ఈ నంబర్ తెలీకుండా మిగతావి ఎన్ని అడిగినా లాభం లేదు.

ఇప్పుడు ఫోన్ చేసి "రోడ్డు దగ్గర్నుంచి టేబుల్ దాకా మొత్తం ఎన్ని మెట్లు" అని అడగండి. కన్నడ వాళ్ళైతే "ఎష్టు మెట్టిలు ఇదె సార్" అంటే చాలు. మొత్తం అనే మాట ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ చాలా బిల్డింగుల్లో కింద పార్కింగ్, ఫస్ట్ ఫ్లోర్‌లో హోటల్, లిఫ్ట్ ఉందంటారు, నిజంగానే ఉంటుంది, కానీ ఆ లిఫ్ట్ దగ్గరికి వెళ్ళడానికే రెండు మెట్లుంటాయి. "లిఫ్ట్ హత్తిర మెట్టిలు ఇదెయా" అని విడిగా అడగాల్సిందే. లిఫ్ట్ తలుపు వెడల్పు అడిగితే ఎవరూ టేపు తెచ్చి కొలవరు గానీ కింద టైల్ రెండడుగులదైతే దాని వెడల్పు 60 సెంటీమీటర్లు, తలుపు ఒక టైల్ అంత ఉందా, ఒకటిన్నర ఉందా అంటే వెంటనే చూసి చెప్తారు. ఈ టైల్ చిట్కా మాకు ఎన్నిసార్లు పనికొచ్చిందో.

ర్యాంప్ ఉందన్నా ఎంత పొడవో అడగండి. లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల ర్యాంప్ కావాలి. మన హోటళ్ళ ముందు చాలాసార్లు ఉండేది స్కూటర్ ఎక్కించడానికి వేసిన ఇనుప రేకు, అడుగున్నర ఎత్తుకి మూడడుగుల రేకు వేస్తారు, దాని మీద వీల్‌చెయిర్ వెనక్కి తిరగబడుతుంది. తప్పనిసరిగా దిగాల్సొస్తే వెనక్కి తిప్పి దించండి, మీరు కింద వైపు ఉండి ఒళ్ళు ఆనించి మెల్లగా. ముందుకి మాత్రం వద్దు.

టేబుల్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. దర్శిని లాంటి బెంగళూరు టిఫిన్ హోటళ్ళలో నిలబడి తినే ఎత్తు టేబుళ్ళే ఎక్కువ, కూర్చునేవి ఒకట్రెండైనా ఉన్నాయా అడగండి. గోడకి బిగించిన సోఫా సీట్లు, మధ్యలో లావు స్తంభం ఉన్న టేబుళ్ళు కుదరవు, మోకాళ్ళు లోపలికి పోవు. కింద 70 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మన ఆంధ్ర మీల్స్ హోటళ్ళలో వరసలు మరీ ఇరుకు, ఆదివారం ఒంటి గంటకి వెళ్తే సాంబార్ బకెట్లు నెత్తి మీద తిరుగుతుంటాయి, పన్నెండుకల్లా వెళ్ళి వరస చివర టేబుల్ అడిగితే హాయిగా తినొచ్చు.

బాత్రూమ్ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తా. అక్క చాలాకాలం బయటికెళ్ళే రోజు పొద్దుట్నుంచి నీళ్ళు తాగేది కాదు. పప్పు, ఆవకాయ, కారం కారంగా తింటూ గ్లాసు ముట్టుకోకుండా కూర్చునేది, నాకది తెలియడానికే ఏడాది పట్టింది, తెలిశాక నాకు ఏడుపాగలేదు. అందుకే బాత్రూమ్ లేని హోటల్‌కి మా లెక్కలో మూడు స్టార్లు దాటవు, బిర్యానీ ఎంత బాగున్నా సరే. ఫోన్‌లో "ఉంది" అంటే నమ్మకండి, తలుపు తెరిచి ఒకటి, లోపల్నుంచి ఒకటి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. చూడాల్సింది తలుపు 90 సెంటీమీటర్లుందా, లోపలికి కాకుండా బయటికి తెరుచుకుంటుందా లేక పక్కకి జరుగుతుందా, లోపల తిరగడానికి ఐదడుగుల చోటుందా, కమోడ్ ఒక పక్కన కుర్చీ ఆనించేంత ఖాళీ ఉందా, పట్టుకోడానికి రాడ్ ఉందా. అన్నీ ఉండి కూడా కొన్నిచోట్ల అందులో మాప్‌లు, బకెట్లు, విరిగిన కుర్చీలు పెట్టి తాళం వేస్తారు, కాబట్టి తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అడగండి. పెద్ద మాల్స్‌లో సాధారణంగా దొరుకుతుంది, అందుకే కొత్త ఏరియాకి వెళ్తే మేం మాల్‌కో మెట్రో స్టేషన్‌కో దగ్గరున్న హోటలే వెతుక్కుంటాం. మెట్రో స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది, క్యాబ్ గొడవ తప్పుతుంది. క్యాబే అయితే డ్రైవర్‌కి ఫోన్ చేసి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉందా అని అడిగేయండి, ఉంటే మడిచిన వీల్‌చెయిర్ కూడా పట్టదు.

గూగుల్ మ్యాప్స్‌లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబుల్ ప్లేసెస్ అనేది ఆన్ చేస్తే హోటల్ పేరు దగ్గర వీల్‌చెయిర్ గుర్తు కనిపిస్తుంది, అబౌట్‌లోకి వెళ్తే దారి, సీటింగ్, టాయిలెట్, పార్కింగ్ విడివిడిగా ఉంటాయి. కొన్నిసార్లు ఓనరే టిక్కు పెట్టుకుంటాడు కాబట్టి అది చూసి ఫోన్ మానేయకండి. మీరు వెళ్ళొచ్చాక మాత్రం తప్పకుండా రాయండి, "యాక్సెసిబుల్, సూపర్" అని కాదు, ఇలాగ: "2 మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు, ర్యాంప్ లేదు. లోపల సమతలం. టేబుల్ కిందకి మోకాళ్ళు పోతాయి. బాత్రూమ్ తలుపు 65, కుర్చీ పోదు. ఆదివారం 12కి వెళ్ళాం". అంతే. చిన్న కుర్చీ వాడేవాళ్ళు, వాకర్‌తో నాలుగడుగులు వేయగలిగేవాళ్ళు ఆ నంబర్లు చూసి తమకి కుదురుతుందో లేదో తామే తేల్చుకుంటారు. తేదీ కూడా వేయండి, ఇక్కడ ఫుట్‌పాత్ తవ్వితే నిన్న ఉన్న ర్యాంప్ ఇవాళ ఉండదు. తిండి మార్కులు ఇందులో కలపొద్దు. మేం ఐదు ఎప్పుడిస్తామంటే, అక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్ళి, తిని, బాత్రూమ్‌కి వెళ్ళి, బయటికి రాగలిగితేనే.

మేనేజర్ "ఇది ప్రైవేట్ మేడమ్, మా ఇష్టం" అంటే గట్టిగానే చెప్పండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, సేవలు వికలాంగులకి అందుబాటు ప్రమాణాల ప్రకారం ఉండాలనే 46వ సెక్షన్ ప్రైవేట్ వాళ్ళకీ వర్తిస్తుంది. రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు చెయ్యాలని కేంద్రానికి మూడు నెలలు గడువు కూడా ఇచ్చింది. నేను చట్టం మాట ఎత్తేలోపే చాలామంది మెత్తబడతారు, నిజానికి వాళ్ళని ఎవరూ ఎప్పుడూ అడగలేదు కూడా.

ఇక ఇంటికొచ్చి పని చేసేవాళ్ళు. ప్లంబర్, కార్పెంటర్, బ్లడ్ శాంపిల్ అబ్బాయి, బ్యూటీషియన్, ఎవర్ని బుక్ చేసినా నోట్‌లో "ఇంట్లో వీల్‌చెయిర్ ఉంది, మంచం దగ్గరికొచ్చి చెయ్యాలి" అని ముందే రాయండి. వచ్చాక నేను చూసేవి మూడు. మాటలు అక్కతో మాట్లాడుతున్నారా లేక అక్క పక్కనే ఉండగా నన్ను "వాళ్ళకి ఏం కావాలంట" అని అడుగుతున్నారా. వైర్లు, పనిముట్లు దారిలో పడేస్తున్నారా. జరిపిన సామాను మళ్ళీ అదే చోట పెట్టి వెళ్తున్నారా, మనకి స్టూల్ అడ్డమొస్తే తీసేసుకుంటాం, తనకి దారే మూసుకుపోతుంది.

బాత్రూమ్‌లో రాడ్ బిగించేటప్పుడు దగ్గరుండండి. కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి ఏఏసీ బ్లాకులవి, మామూలు ప్లాస్టిక్ ప్లగ్ పెట్టి స్క్రూ కొడితే మనిషి బరువుకి ఊడొస్తుంది, కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి బిగించే బోల్టు) గానీ గోడ అవతలి దాకా పోయే బోల్టు గానీ వెయ్యమనండి. డబ్బులిచ్చే ముందు ఆ మనిషినే రాడ్ పట్టుకుని వేలాడమనండి. రబ్బరు కప్పుతో అంటించే హ్యాండిళ్ళు మాత్రం కొనొద్దు, దయచేసి. అటెండెంట్ కావాలంటే మొదటి రోజే మంచం మీంచి కుర్చీలోకి ఎలా మారుస్తారో చేసి చూపించమనండి, బ్రేకులు వెయ్యకుండా మొదలుపెట్టినా, చంకల కింద చేతులేసి లాగినా వద్దని చెప్పేయండి. కుర్చీయే సరిపోవట్లేదు అనిపిస్తే లింగరాజపురంలో 1959 నుంచి నడుస్తున్న అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ వాళ్ళని ముందు అడగండి.

మా ఇంటి గడప ఐదు సెంటీమీటర్లు. కొట్టేయిద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, పసుపు రాసే గడప ఎలా తీస్తామే అంది. కార్పెంటర్ లోపలొకటి బయటొకటి అరవై సెంటీమీటర్ల పొడవున్న చెక్క వాలు చేసిచ్చాడు, కదలకుండా కింద రబ్బరు వేసి. శుక్రవారం పొద్దున అమ్మ వాటిని పక్కకి తీసి, గడప కడిగి, పసుపు కుంకుమ పెట్టి, అక్క ఆఫీసుకి బయల్దేరేలోపు మళ్ళీ తనే వేసేస్తుంది.