బడి హాల్లో 1915 నాటి మూకీ డ్రామా వేయాలంటే

మూకీ సినిమాకు మాటలతో పనిలేదని చాలామంది అనుకుంటారు. నవ్వించే సినిమాలకైతే నిజమే. పెద్దింటి అప్పులు, పరువు, కోర్టు చుట్టూ తిరిగే అమెరికన్ డ్రామాలకు కుదరదు. అక్కడ ఒక్క టైటిల్ కార్డు (బొమ్మల మధ్య తెరమీద వచ్చే రాత) తప్పినా కథ తెగిపోతుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వేయడానికి సెసిల్ బి. డెమిల్ తీసిన ‘ది చీట్’ మంచి ఎంపిక. నిడివి సుమారు గంట.

ముందు మీ దగ్గరున్న కాపీ ఏదో చూడండి. 1915లో ప్రతినాయకుడు జపాన్ ధనికుడు. అమెరికాలోని జపనీయుల నిరసన తర్వాత 1918 కాపీలో కార్డులు మార్చి బర్మావాడిగా చేశారు. నోటీసులో ఒకటి, తెరమీద ఇంకొకటి ఉంటే జనం తికమకపడతారు. ఆసియావాళ్ల మీద నాటి ద్వేషం ఈ కథ నిండా ఉంది. ఆ సంగతి ఆటకు ముందే రెండు నిమిషాలు చెప్పాలి. ప్రతినాయకుడిగా వేసిన సెస్యూ హయకవా నటన గొప్పది కాబట్టే ఇది మరీ అవసరం.

అసలు శ్రమంతా ఇంగ్లిష్ కార్డులను తెలుగులో చదివి వినిపించడం దగ్గరే. ప్రతి కార్డు ఎన్ని సెకన్లుందో రాసుకోండి. గట్టిగా చదవడానికి 5 సెకన్ల కార్డుకు 8 మాటలకు మించొద్దు. మించితే తర్వాతి ముఖకవళికల మీద గొంతు పడుతుంది. చెక్కులు, ఉత్తరాలు తెరనిండా కనిపించే షాట్లనూ చదవాలి, చాలామంది మరిచేది ఇవే. ఆడవాళ్ల మాటలకు ఒకరు, మగవాళ్ల మాటలకు ఒకరు ఉంటే మేలు. ఎవరు ఎవరిని ‘మీరు’ అనాలో, ‘నువ్వు’ అనాలో ముందే తేల్చుకోండి. పైసల మాట వచ్చినచోట మన యాసలోనే చదవండి.

అప్పటి కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకు ఇంచుమించు 16 నుంచి 18 ఫ్రేములు. దాన్ని 24 ఫ్రేములతో నడిపితే మనుషులు ఉరుకుతున్నట్టుంటారు. వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.75 పెడితే 18కి దిగుతుంది. సంగీతంతో వచ్చిన ఫైలుకు వేగం సాధారణంగా సరిచేసే ఉంటుంది, ముట్టుకోవద్దు.

బొమ్మ 4:3 కొలతలోనే ఉండాలి. 8 అడుగుల వెడల్పాటి 16:9 తెరమీద 6 అడుగులే వస్తుంది, అటూ ఇటూ అడుగు నలుపు మిగులుతుంది. నిండుగా సాగదీస్తే ముఖాలు ఉబ్బుతాయి. సగం ముఖం చీకట్లో ఉంచిన వెలుగు ఈ సినిమా ప్రాణం. కాగితపు తలుపు మీద నీడ పడే ఘట్టం కిటికీలోంచి వెలుతురు వస్తే కనబడదు. ఎండాకాలం 7:15 తర్వాతే మొదలుపెట్టండి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆగదు, ప్రొజెక్టర్ ఆగుతుంది. వెంటనే పాజ్ నొక్కండి. ప్రొజెక్టర్ దీపం వేడెక్కి ఉంటే, కరెంటు వచ్చినా చల్లారేదాకా మళ్లీ వెలగదు. సినిమాకు తోడుగా హార్మోనియం వాయిస్తుంటే, ఆ కాసేపు దాన్ని ఆపకుండా చివరి కార్డు మళ్లీ చదివించండి.