మేడ మీది సోలార్ ప్యానెళ్ళ బిగింపును తనిఖీ చేయడం ఎలా?

2024 ఫిబ్రవరిలో కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం మొదలైనప్పటి నుంచి మన ఊళ్ళలో డాబాల మీద సోలార్ ప్యానెళ్ళు విరివిగా కనిపిస్తున్నాయి. వచ్చే, పోయే కరెంటును లెక్కించే నెట్ మీటరు తిరగడం చూసి చాలామంది పని సవ్యంగా జరిగిందనుకుంటారు. కానీ లోపలి లోపాలు మీటరులో కనబడవు. అందుకే కాంట్రాక్టరుకు ఆఖరి వాయిదా చెల్లించక ముందే, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను వెంట ఉంచుకుని ఈ తనిఖీ పూర్తి చేయించాలి.

మల్టీమీటరు, తీగను చుట్టి పట్టుకుని డీసీ కరెంటును కూడా కొలిచే క్లాంప్ మీటరు, తీగల ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గరు, ఎర్త్ టెస్టరు, రబ్బరు చేతి తొడుగులు సిద్ధం చేసుకోవాలి. తనిఖీ ఎండ నిటారుగా ఉండే 11 నుంచి 1 గంట మధ్యనే చేయాలి. సాయంత్రం తీసిన రీడింగులను నేను లెక్కలోకి తీసుకోను.

మొదట స్టాండు చూడాలి. బేస్ ప్లేటులో ఎన్ని రంధ్రాలుంటే అన్ని బోల్టులూ ఉండాలి, కోసిన చోట, వెల్డింగు చేసిన చోట జింకు పూత మళ్ళీ వేసి ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుఫానును చూసిన విశాఖ తీరంలో ఈ విషయంలో మినహాయింపు ఇవ్వరాదు. ప్యానెళ్ళ సీరియల్ నంబర్లను కాగితాలతో పోల్చాలి, ఎందుకంటే ఈ పథకం కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల రాయితీకి ప్యానెళ్ళతో పాటు వాటి లోపలి సెల్స్ సైతం దేశంలో తయారైనవే కావాలి. డీసీకి, ఏసీకి, మెరుపు రక్షణకు విడివిడిగా మూడు ఎర్త్ గుంతలు ఉండాలి. నిరోధం 5 ఓములు దాటకూడదు. అల్యూమినియం ఫ్రేము మీది ఆనోడైజింగ్ పొర కరెంటును పారనివ్వదు కనుక, ఫ్రేము స్టాండుకు ఆనుకుని ఉన్నంత మాత్రాన ఎర్త్ అందినట్టు కాదు. పళ్ళున్న వాషరు గానీ ప్రత్యేక ఎర్త్ తీగ గానీ ఉండాలి.

ప్యానెళ్ళ డీసీని ఇంటికి వాడే ఏసీగా మార్చే ఇన్వర్టరును ఆపి, ప్యానెళ్ళ తీగలను దాని నుంచి విడదీసే డీసీ ఐసొలేటరు కట్టేసి, స్ట్రింగు (వరుసగా కలిపిన ప్యానెళ్ళ) వోల్టేజి కొలవాలి. ఒక్కో ప్యానెలుకు లేబులు మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (Voc) 49.5 వోల్టులు ఉంటే ఆరింటికి 297 రావాలి. కానీ మండుటెండలో సెల్స్ 60 డిగ్రీలకు వేడెక్కితే మీటరులో దాదాపు 270 మాత్రమే కనబడుతుంది, అది లోపం కాదు. 250 దగ్గర ఆగితే మాత్రం ఏదో ఒక ప్యానెలులో, నీడ పడిన సెల్స్‌ను దాటి కరెంటును పంపే బైపాస్ డయోడు పోయిందని అనుమానించాలి.

ఇక అందరూ చేజార్చే దశ కనెక్టర్లది. ప్యానెళ్ళ అడుగున ఒక తీగను మరో తీగతో కలిపే ఆ నల్లటి ఎంసీ4 జోడీలను తనిఖీకి వచ్చినవారెవరూ వంగి చూడరు. రెండేళ్ళ క్రితం ఒక డాబా మీద ఇన్వర్టరు మాటిమాటికీ ఆగిపోతోందని పిలిస్తే వెళ్ళి చూశాను. మూడో ప్యానెలు కింద కనెక్టరు గోధుమ రంగుకు తిరిగి, ప్లాస్టిక్ కరిగి, లోపలి పిన్ను వదులై ఉంది. పిన్నును తీగకు నొక్కి బిగించే క్రింపింగ్ టూలు వాడకుండా కటింగ్ ప్లయరుతో నొక్కి వదిలేశారు.

ముట్టుకునే ముందు జాగ్రత్త. పగటిపూట ప్యానెలును ఆపే స్విచ్ లేదు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు చేరుతుంది కనుక తీగ విడిపోయినప్పుడు వచ్చే దాని మెరుపు (ఆర్క్) సాధారణంగా వెంటనే ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు కాబట్టి, కరెంటు పారుతుండగా కనెక్టరును లాగితే మెరుపు ఆగకుండా సాగి చేతిని కాలుస్తుంది. మొదట ఏసీ బ్రేకరు, తరువాత ఇన్వర్టరు, ఆ తరువాతే డీసీ ఐసొలేటరు ఆపి, క్లాంప్ మీటరుతో తీగలో కరెంటు సున్నా అని నిర్ధారించుకోవాలి. ఏసీని మాత్రమే కొలిచే క్లాంపు, తీగలో 13 ఆంపియర్ల డీసీ పారుతున్నా సున్నానే చూపుతుంది. ఆ సున్నాను నమ్మి చేయి పెట్టరాదు.

అప్పుడు ప్రతి జోడీని విడదీసి చూడాలి. రెండు సగాలూ ఒకే కంపెనీవి కావాలి, ఎందుకంటే పైకి ఒకేలా ఉన్నా లోపలి లోహం, కొలతలు వేరైతే పట్టు సడలి వేడెక్కుతాయి. ఒక చేత్తో కనెక్టరును, మరో చేత్తో తీగను పట్టుకుని గట్టిగా లాగితే పిన్ను కదలకూడదు. తిరిగి కలిపేటప్పుడు టిక్కుమని వినబడాలి. కనెక్టరు స్లాబు మీద, నీరు నిలిచే చోట పడి ఉండకూడదు. థర్మల్ కెమెరాతో దూరం నుంచి ఫొటో తీస్తే చాలదా అని కొందరంటారు. చెడ్డ క్రింపు వేడెక్కాకే కెమెరాకు చిక్కుతుంది, నా చేతికి మొదటి రోజే చిక్కుతుంది. అందుకే కెమెరా ఉన్నా లాగి చూడడం మాననే కూడదు.

అన్నీ బిగించాక ఇన్వర్టరునూ, హఠాత్తుగా పెరిగే వోల్టేజిని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్షన్ పరికరాన్నీ వేరుచేసి, స్ట్రింగుకు 500 వోల్టుల మెగ్గరు పెట్టాలి. కనీసం 1 మెగాఓము రావాలి. చివరగా అన్నీ కలిపి, నడుస్తున్న వ్యవస్థకు మెయిన్ సప్లయ్ ఆపాలి. ఇన్వర్టరు 2 సెకన్లలోగా ఆగకపోతే, కరెంటు వీధి లైనులోకి ఎదురు పారి స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు కనుక, సరిచేసే వరకు దాన్ని నడపనివ్వకూడదు. ఈ రీడింగులన్నీ తేదీ, సమయం, సంతకాలతో కాగితం మీద రాసి, ఒక ప్రతిని ఏసీ డిస్ట్రిబ్యూషన్ బాక్సు తలుపు లోపల అంటించి ఉంచాలి.